నాకు జబ్బు చేసినప్పుడు ఆయన ఒక్క మాట అనలేదు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది గాజువాక. నా వయసు 44. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారికి 50 ఏళ్ళు, ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఒక్కతే పాప, ఇంటర్ సెకండియర్. మూడేళ్ళ కిందట నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమవైపు ఆపరేషన్ చేసి, చంకలో గడ్డలు కూడా తీసేశారు. ఎనిమిది కీమోలు, ఆ తర్వాత రేడియేషన్. ఇప్పుడు క్యాన్సర్ తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ బిళ్ళ వేసుకుంటున్నాను. అప్పుడంతా మావారే చూసుకున్నారు. ఊడిన నా జుట్టు ఆయనే ఊడ్చి పారేసేవారు. ఒక్క మాట అనలేదు, ఒక్కసారి విసుక్కోలేదు.

ఏడాదిన్నర కిందట ఆయనకు షుగరు వల్ల రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. నేను మధ్యాహ్నం దాకా స్కూలు చేసి, ఆయన్ని తీసుకెళ్తాను. జీతం సగమైంది. నీళ్ళు కొలతగా తాగాలని డాక్టరు చెప్పినా ఆయన చాటుగా తాగేస్తారు. మొన్న చేతిలోంచి గ్లాసు లాక్కుని సింకులో పారబోశాను. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కీమో అప్పుడు నేను ఇలా చేయలేదు కదా అని కోపం వస్తుంది. తర్వాత నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఏడాది నుంచి వేర్వేరు గదుల్లో పడుకుంటున్నాం.

నా కిడ్నీ ఇద్దామంటే క్యాన్సర్ వచ్చిన మనిషివి, కుదరదన్నారు డాక్టర్లు. మా ఆడపడుచు మాత్రం, ‘అన్నయ్య నీకు అంత చేశాడు, నువ్వేం చేస్తున్నావు వదినా’ అంటుంది. ఇదంతా ఎప్పటికి అయిపోతుందా అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ ఆలోచన వచ్చినప్పటి నుంచి దేవుడి దగ్గర దీపం పెట్టలేకపోతున్నాను. నా చెకప్ కూడా టైము లేక ఎనిమిది నెలలుగా వాయిదా పడుతోంది. మీరు రోగిగానూ ఉన్నారని, రోగిని చూసుకున్నారని ఒక సభలో చెప్పగా విన్నాను. రెండింట్లో ఏది కష్టం? నేను చెడ్డ భార్యనా?

— ఒక సోదరి, గాజువాక

సమాధానం:

అమ్మా,

మీరు ఒక్క ముక్కలో రాసి దాటేసిన విషయం ఒకటుంది. ముందు అది మాట్లాడాలి. మీ చెకప్. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిపోయాక మొదటి మూడేళ్ళూ మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చూడాలి. ఏడాదికోసారి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయాలి. మీరింకా ఆ మూడేళ్ళ లోపలే ఉన్నారు. ఎనిమిది నెలలు తక్కువ కాలం కాదు. ఇది చదివిన రోజే ఫోన్ చేసి, ఆయనకు డయాలసిస్ లేని రోజు చూసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. మీకు వైద్యం ఎక్కడ జరిగిందో రాయలేదు. అగనంపూడి హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అయితే మీకు ఆటో దూరమే. ఇంకెక్కడైనా అయితే అక్కడికే వెళ్ళండి, పాత ఫైలు వాళ్ళ దగ్గరే ఉంటుంది. టామాక్సిఫెన్ మధ్యలో ఎన్నిసార్లు తప్పిందో దాచకుండా చెప్పండి. ఇంటి హడావుడిలో చాలామందికి తప్పుతుంది, డాక్టర్లకు అది కొత్తేమీ కాదు.

టైము లేక అని రాశారు. టైము లేదన్నది నిజమే. దాని కింద ఇంకో భయం కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. ‘పరీక్షలో ఏదైనా తేలితే ఈయన్ని ఎవరు చూస్తారు, పిల్ల ఏమవుతుంది’ అన్న భయం. నాకు హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ తగ్గాక ఏళ్ళ తరబడి ప్రతి స్కాన్‌కి ముందు వారం నిద్ర ఉండేది కాదు. ఆసుపత్రి వరండాలో స్పిరిట్ వాసన తగిలితే చాలు, కీమో ఆపేసి చాలాకాలమైనా కడుపులో తిప్పేది. మందు కలిగించిన వాంతిని మెదడు ఆ వాసనతో ముడివేసి పెట్టుకుంటుంది. దీన్ని నేను పుస్తకాల్లో చదివాను, విద్యార్థులకు పాఠం కూడా చెప్పాను. అయినా ఆ వరండాలో నా కడుపు నా మాట వినలేదు. కాబట్టి మీకు ఆసుపత్రి గుమ్మం తొక్కబుద్ధి కాకపోతే అది పిరికితనం అనుకోకండి. భయం పోయాక వెళ్దామని మాత్రం ఆగకండి. భయంతోనే వెళ్ళండి.

ఇక రెండింట్లో ఏది కష్టమని అడిగారు. ఈ ప్రశ్నకు చాలామంది ‘దేని కష్టం దానిదే’ అనేస్తారు. నేను నాకు తెలిసింది చెప్తాను. రోగిగా ఉన్నప్పుడు నొప్పి ఉంది, చావు భయం ఉంది, కానీ నిర్ణయాలు నావి కావు. ఎప్పుడు తినాలో, ఏ మందు వేసుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో ఎవరో ఒకరు చెప్పేవారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు నాన్నకు పార్కిన్సన్స్ వచ్చింది. అప్పుడు ప్రతి చిన్న విషయం నేనే తేల్చాలి. ఆయన లెవోడోపా బిళ్ళ వేళకు పడాలి. పప్పు, పెరుగు, గుడ్డు లాంటివి దానితో పాటు తింటే మందు సరిగ్గా ఒంటికి పట్టదు, అందుకని భోజనానికీ మందుకీ మధ్య ఎడం చూసుకోవాలి. రాత్రి బాత్రూముకు లేస్తే పడిపోతారేమోనని ఒక చెవి అటే ఉండాలి. పార్కిన్సన్స్‌లో ముఖ కండరాలు బిగుసుకుపోయి ముఖంలో ఏ భావమూ కనిపించదు. అది కోపం కాదని సైకాలజిస్టుగా నాకు తెలుసు. కూతురిగా, అన్నం తినిపిస్తున్నప్పుడు ఆ ముఖం చూస్తే ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. రోగిగా ఉన్నప్పటి కష్టం నాకు తీవ్రంగా ఉండేది, కానీ దానికి మధ్యమధ్య ఊరట ఉండేది. చూసుకునేటప్పటి కష్టానికి ఊరట లేదు. నన్ను ఎక్కువ అరగదీసింది రెండోదే.

మీరు రెండూ ఒకేసారి మోస్తున్నారు. నాకు ఆ రెండింటి మధ్య కొన్నేళ్ళు దొరికాయి. మీకు ఒకటి సరిగ్గా పూర్తికాకుండానే రెండోది వచ్చిపడింది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. మీరు మీవారిని చూసుకునే మనిషే కాదు, ఇప్పటికీ మందు వాడుతున్న రోగి కూడా. టామాక్సిఫెన్ వల్ల ఒంట్లో వేడి ఆవిర్లు, చెమటలు, నిద్ర తెగిపోవడం ఉంటాయి. మీ చిరాకులో కొంత వాటిది. అదంతా మీ గుణం లెక్కలో వేసుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపిన మాట, ‘కీమో అప్పుడు నేను ఇలా చేయలేదు కదా’ అన్నది. ఒకసారి జబ్బుపడి లేచినవాళ్ళకు ఈ ఆలోచన చాలా సహజంగా వస్తుంది. మన ఓర్పు మనకు గుర్తుంటుంది, దానితో ఎదుటి మనిషిని కొలుస్తాం. బయటివాళ్ళు కూడా మనల్ని అలాగే ఎగదోస్తారు, ‘నువ్వయితే ఎంత ధైర్యంగా ఉన్నావో’ అని. కానీ మీ రెండు జబ్బులూ ఒకే కొలతకు అందేవి కావు. మీకు మొదట్లోనే ఎనిమిది కీమోలని చెప్పి ఉంటారు. ఒకటి అయితే ఏడు, ఇంకోటి అయితే ఆరు. ప్రతి వాంతికీ ఒక చివర ఉంది. క్యాలెండర్ మీద చివరి తారీకు కనిపిస్తుంటే మనిషి చాలా ఓర్చుకోగలడు. మీవారికి ఎవరూ అలాంటి లెక్క చెప్పలేదు. కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు ఆ మెషిన్ దగ్గర పడుకోవాల్సిందే. ఈరోజు బాగా ఓర్చుకున్నాడని ఎల్లుండి ఒకటి తగ్గదు.

ఇంకొకటి. మీకు క్యాన్సర్ అనగానే చుట్టాలందరూ వచ్చి ఉంటారు. డయాలసిస్ మనిషిని చూడటానికి మొదటి నెల వస్తారు, తర్వాత ‘ఇప్పుడెలా ఉంది’ అని ఫోన్‌లో అడగడం కూడా తగ్గిపోతుంది. నాలుగు గంటలయ్యాక బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి, ఒళ్ళంతా పిండేసినట్టు ఇంటికొస్తారు. ఆ నీరసం కొందరికి మర్నాటి దాకా వదలదు. ఒంటి దురద, రాత్రిళ్ళు కాళ్ళు ఊరికే కదిపేయాలనిపించడం, నిద్ర లేకపోవడం మామూలే. వారంలో మూడు రోజులు షాపు షట్టర్ దించి ఉంచాల్సిన మగమనిషి లోపల ఏం లెక్కలు వేసుకుంటున్నాడో మీకు చెప్పి ఉండకపోవచ్చు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి డిప్రెషన్ ఉంటుంది. ఆ నీరసం కిడ్నీదా మనసుదా అన్నది ఇంట్లోవాళ్ళు తేల్చలేరు. నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ డాక్టరును, అడిగి ఒకసారి సైకియాట్రిస్టుకు కూడా చూపించండి.

రోగిగా మీ అనుభవం ఆయనకు పనికిరాదని నేను అనడం లేదు. ఆయన్ని ఏం అడగాలో మీకు తెలుసు, ఆ లెక్కన అది చాలా విలువైనది. మీకు కీమో అప్పుడు ‘ధైర్యంగా ఉండు’ అన్న మాట ఎంత విసుగు తెప్పించిందో గుర్తు తెచ్చుకోండి. ఏ ప్రశ్న మీ దగ్గరకు ఎవరూ తీసుకురాలేదో, ఏది అడిగి ఉంటే బాగుండేదనిపించిందో, అది ఆయన్ని అడగండి. ‘మెషిన్ ఎక్కేటప్పుడు దేనికి భయమేస్తుంది మీకు?’ ‘నేను పక్కన కూర్చోవాలా, బయట ఉండాలా?’ జవాబు మీరనుకున్నది కాకపోవచ్చు. డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రం మాత్రం అడగకండి. ఏ గొడవైనా, ఏ లెక్కైనా మర్నాటికి పెట్టుకోండి.

ఆయన ఒక్క మాట అనలేదని రాశారు. నేను నమ్ముతాను. కానీ మీరు చూసింది మంచం మీద నుంచి. ఆయన షాపులో కూర్చున్నప్పుడు, బండి మీద ఒక్కరే ఉన్నప్పుడు ఎలా ఉన్నారో మీకు కనిపించలేదు. నాకు జబ్బు చేసినప్పుడు మేం అల్లిపురంలో ఉండేవాళ్ళం. అమ్మ రోజూ పొద్దున్నే కూరలకని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళేది. ఇంట్లో కూరలున్నా వెళ్ళేది. నాన్నను చూసుకుంటున్న రోజుల్లో ఒకసారి ఆ సంగతి అడిగాను. ‘అక్కడ నిన్ను గురించి ఎవరూ అడగరు కదమ్మా, ఆ గంటసేపు నాకు తెరిపిగా ఉండేది’ అంది. ఆ సమయంలో నా మీద విసుగు కూడా వచ్చేదట. అది విని నాకు అమ్మ మీద ప్రేమ పెరిగిందే గానీ తగ్గలేదు. మీవారిని కూడా అడిగి చూడండి, ‘నాకు కీమో జరిగేటప్పుడు మీకు కోపం వచ్చేదా’ అని. బహుశా మీరిద్దరూ ఒకే మాట దాచుకుని ఉంటారు.

కోపం గురించి ఇంకో మాట. రోగిని చూసుకునేవారి మీద పడే బరువును అంచనా వేయడానికి మేం వాడే ప్రశ్నావళి ఒకటుంది. 1980లో స్టీవెన్ జరిట్ అనే అమెరికా పరిశోధకుడి బృందం తయారుచేసిన దాని నుంచి వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా వాడే దాంట్లో 22 ప్రశ్నలు. ఆ మనిషి దగ్గరున్నప్పుడు కోపం వస్తుందా అన్నది అందులో ఒక ప్రశ్న. ఈ బాధ్యత వేరే ఎవరికైనా అప్పగించేయాలనిపిస్తుందా అన్నది ఇంకొకటి. ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే ఆలోచనలైతే వాటిని అచ్చువేసి ప్రతివారినీ అడగరు కదా. కోపం వచ్చినంత మాత్రాన మీరు చెడ్డ భార్య అయిపోరు. గ్లాసు లాక్కోవడం మాత్రం మళ్ళీ జరగకూడదు. దానికి మార్గం మీ ఓర్పు పెంచుకోవడంలో లేదు, మీరు నీళ్ళకు కాపలా కాయడం మానేయడంలో ఉంది.

ముందుగా ఆయన దాహం ఎందుకో చూడండి. దాహం మొండితనం కాదు. ఉప్పు ఎక్కువైతే దాహం వేస్తుంది. షుగరు ఎక్కువున్నా దాహం వేస్తుంది, ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు ఇంట్లో ఉంచి నీళ్ళు వద్దంటే ఏ మనిషికీ సాధ్యం కాదు, అందులోనూ మన విశాఖ ఉక్కపోతలో. షుగరు ఎంత ఉంటోందో రాసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. రోజుకు ఎన్ని నీళ్ళన్నది ఆయన డాక్టరే చెప్పాలి. మామూలుగా అయితే రోజుకు వచ్చే మూత్రం ఎంతో అంత, దానికి ఇంకో అర లీటరు కలిపి చెప్తుంటారు. టీ, మజ్జిగ, చారు, ఐసుముక్కలు అన్నీ ఆ లెక్కలోనివే. ఆ కొలత ప్రకారం పొద్దున్నే ఒక సీసా నింపి ఆయన చేతికివ్వండి. టీ తాగితే సీసాలోంచి అంత తీసి పక్కన పెట్టుకోవడం ఆయన పని. మీరు చూడొద్దు, అడగొద్దు. నోరెండితే పుక్కిలించి ఉమ్మేయొచ్చు. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని ఒక పుస్తకంలో ఆయన చేతే రాయించండి. ఒక లీటరు నీరు ఒంట్లో నిలిస్తే ఒక కిలో పెరుగుతుంది, ఆ లెక్క ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకుండా కనిపిస్తుంది. ఎక్కువైతే ఆ మాట డయాలసిస్ టెక్నీషియన్, నర్సు చెప్తారు. భార్య నోటి నుంచి రాకపోవడమే మేలు. ఆయాసం వచ్చినా, పడుకుంటే ఊపిరాడకపోయినా అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కొబ్బరినీళ్ళు చలవ అని ఎవరైనా తెచ్చిస్తే మాత్రం గట్టిగా వద్దనండి. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని మనిషికి అది గుండెను ఆపేంత ప్రమాదం. చూడటానికి వచ్చే చుట్టాలు బీచ్ రోడ్డులో ఆగి బోండాలు కొట్టించుకు తేవడం మన ఊళ్ళో మామూలే, అందుకే ప్రత్యేకంగా చెప్తున్నాను.

పడక గురించి క్లుప్తంగా. మీకు ఎడమ చంకలో గడ్డలు తీశారు కాబట్టి ఆ చేత్తో బరువులు ఎత్తొద్దని, చేయి వాచకుండా చూసుకోమని చెప్పి ఉంటారు. ఆయనకు ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలను కలిపే ఆపరేషన్) వేసి ఉంటే ఆ చేతి మీద బరువు పడకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు, దాని మీద పడుకోకూడదు. ఇంట్లో ఇద్దరికీ కాపాడుకోవాల్సిన చేయి ఒకటుంది. ఫిస్టులా దగ్గర వేలు పెడితే జివ్వుమని కదలిక తెలియాలి, అది రోజూ చూసుకోవాలి. రాత్రి పూట ఒకసారి మీరు చూడండి. మీ చేయి వాచిందేమో ఆయన చూస్తారు. ఆ తర్వాత ఏ గదిలో పడుకోవాలన్నది మీ ఇద్దరి ఇష్టం. డయాలసిస్‌లో ఉన్న మగవారిలో చాలామందికి దాంపత్య సామర్థ్యం తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత ఆడవాళ్ళకు తమ ఒంటిని చూసుకోవడానికే బిడియంగా ఉంటుంది. ఇది ఇద్దరూ చెప్పుకోకపోతే, ఎదుటివారికి నేను అక్కర్లేదన్న అనుమానం మిగులుతుంది.

‘ఇదంతా ఎప్పటికి అయిపోతుందా’ అన్న ఆలోచన గురించి రాశారు. రాయడానికి మీకు ఎంత కష్టమై ఉంటుందో నాకు తెలుసు. నాన్న ఆఖరి రోజుల్లో నాకూ వచ్చింది ఆ ఆలోచన. నిద్రలేని మనిషి ఆ అలసట ఎప్పుడు ఆగుతుందా అని చూస్తుంది. ఆయన పోవాలని కోరుకోవడం అది కాదు. ఆయన పోవాలని ఉన్న మనిషి సింకు దగ్గర నీళ్ళ కోసం అంత పోట్లాడదు. ఈ రాత్రే దీపం పెట్టండి. మీరు చెప్పుకునేది ఆ సింహాద్రి అప్పన్న వినకూడనిదేమీ కాదు.

అయితే ఒక హద్దు ఉంది. అమెరికాలో కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ అనే క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారు. మనసు ఒకసారి అతిగా ఉప్పొంగి, ఇంకోసారి కుంగిపోయే బైపోలార్ డిజార్డర్ మీద పరిశోధన చేస్తున్న ఆమె, తనకూ ఆ జబ్బే ఉందని 1995లో బయటికి చెప్పారు. ఆ తర్వాత ఆమె భర్తకు క్యాన్సర్ వచ్చి 2002లో పోయారు. రోగిగానూ, రోగి భార్యగానూ బతికిన ఆ మనిషి స్పష్టంగా చెప్పిన విషయం ఏమిటంటే, దుఃఖం వేరు, డిప్రెషన్ వేరు. దుఃఖంలో ఉన్న మనిషికి ఆప్తులు పక్కన కూర్చుంటే కొంత ఉపశమనం కలుగుతుంది. డిప్రెషన్‌లో అదీ అంటదు. కాబట్టి మిమ్మల్ని మీరు గమనించుకోండి. రెండు వారాలుగా దాదాపు రోజూ మనసు కుంగిపోయి ఉందా, పాప వచ్చి కబుర్లు చెప్పినా ఏమీ అనిపించడం లేదా, ఆకలి నిద్ర బొత్తిగా చెడిపోయాయా, నేను దేనికీ పనికిరాననిపిస్తోందా? అలా ఉంటే సైకియాట్రిస్టును కలవాలి. మాలాంటి సైకాలజిస్టులు మాటలతో సాయపడగలం, మందులు రాయం. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, కేజీహెచ్ ఉంది. ‘చినవాల్తేరు’ అనగానే మన ఊళ్ళో ముఖాలు మారతాయి. నాకు దాని మీద చాలా బాధ. ఎంతోమంది మామూలు ఉద్యోగులు, ఇల్లాళ్ళు అక్కడ ఓపీలో చూపించుకుని, మందు తీసుకుని, ఇంటికెళ్ళి వంట చేసుకుంటున్నారు. మీరు వెళ్తే టామాక్సిఫెన్ వాడుతున్నానని మొట్టమొదట చెప్పండి. పారాక్సిటిన్, ఫ్లూక్సిటిన్ లాంటి కొన్ని డిప్రెషన్ మందులు దాని పనిని తగ్గిస్తాయి. వాటికి బదులు వేరేవి ఉన్నాయి. ‘ఇదంతా అయిపోతే’ అన్న ఆలోచన ఎప్పుడైనా ‘నేనే లేకపోతే’ అని మారితే ఆ గంటలోనే ఎవరికైనా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళలోనైనా చేయొచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

మూడు ట్రిప్పులూ మీరే వెళ్ళక్కర్లేదు. మీ మరిదో, తమ్ముడో, షాపులో నమ్మకమైన కుర్రాడో ఎవరో ఒకరు వారానికి ఒక్కసారి తీసుకెళ్తే చాలు. ‘ఏదైనా కావాలంటే చెప్పు’ అనేవాళ్ళకు పని పేరు, వారం పేరు చెప్పి అడగండి. ‘శనివారం డయాలసిస్‌కి నువ్వు తీసుకెళ్ళు’ అంటే కాదనడం కష్టం. ఆ రోజు మీరు పడుకోండి. పాపకు ఈ ఏడాది పరీక్షలు. తనకు తోచినంత సాయం చేయనివ్వండి, డయాలసిస్ బాధ్యత మాత్రం పెట్టకండి.

చివరిగా కిడ్నీ సంగతి. మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువ కలచివేసింది ఇదే. చట్టం ప్రకారం భార్య కిడ్నీ ఇవ్వొచ్చు, 1994 నుంచీ ఉన్న చట్టమే అది. మీకు అడ్డు వచ్చింది వైద్యం. కిడ్నీ పెట్టించుకున్నవారు అది నిలబడటానికి ఒంటి రక్షణశక్తిని తగ్గించే మందులు జీవితాంతం వాడాలి. క్యాన్సర్ వచ్చిన మనిషి అవయవంలో కంటికి కనపడని కణం ఒక్కటి మిగిలి ఉన్నా, ఆ మందుల మధ్య అది ఆయన ఒంట్లో పెరగొచ్చు. మీ ఒంటికి కూడా రెండు కిడ్నీలూ కావాలి, రేపు ఏ చికిత్స అవసరమైనా. డాక్టర్లు వద్దన్నది ఇద్దరి కోసం. మీరు ఇవ్వనన్నట్టు కాదు, ఇస్తానంటే తీసుకోలేదు.

ఆయన మీకు చేసిందాన్ని మీరు అప్పులా మోస్తున్నారు. అందుకే ఎంత చేసినా మీకు తక్కువనిపిస్తోంది, అందుకే ఆడపడుచు మాట అంత లోతుగా గుచ్చుకుంది. ఆమె అన్న మీద ప్రేమతోనే అని ఉంటుంది. ఆమెకు ఇదంతా ఎవరూ వివరంగా చెప్పి ఉండరు. తోబుట్టువు కూడా కిడ్నీ ఇవ్వొచ్చని, పరీక్షలు చేయించుకోవాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె ఇష్టమని కూడా ఆమెకు తెలియకపోవచ్చు. ఆ మాట ఎత్తిపొడుపుగా మీరు అనకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆమెను తీసుకెళ్ళి డాక్టరు చేతే చెప్పించండి. బ్రెయిన్‌డెడ్ అయినవారి కిడ్నీ కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేశారో లేదో కూడా అప్పుడే అడగండి. చేయకపోతే మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారా చేయించాలి. వరుసలో కాలం పడుతుంది కాబట్టి ఆలస్యం వద్దు.

ఆమె మళ్ళీ ‘నువ్వేం చేస్తున్నావు వదినా’ అంటే జవాబు మీరు చెప్పకండి. మీవారు పక్కనే ఉంటారు కదా, ఆయన్ని చెప్పమనండి.